వెయ్యీ ఇరవై నాలుగు మెట్లు

నవంబరు పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు, చెరిసగం ఒక నారింజ పండు. ఇరవై రెండేళ్ల కిందటి ఆ రోజు తలచుకుంటే ఆయనకు ముందు గుర్తొచ్చేది తిండి, ఆ తర్వాతే తగువు. పండు ఆవిడే ఒలిచింది. తొనల మీది పీచు కూడా ఓపిగ్గా తీసి ఆయన చేతిలో పెట్టింది. పెట్టి, చేతులు తుడుచుకోకుండానే బల్ల మీది స్పెక్ట్రమ్ కాగితాన్ని దగ్గరికి లాక్కుని, అందులో ఒక మచ్చ మీద గోరు ఆనించి, "ఇది ఒకటి కాదు, రెండు" అంది. ఆయన నములుతూనే కళ్లజోడు పైకి తోసుకుని చూసి "ఒకటే" అన్నాడు. అంతే. నమలడం ఆపలేదు కూడా. ఇప్పుడు, ఈ సాయంత్రం అయిదూ పదికి, అదే గదిలో, అదే బల్ల ముందు, ఆవిడ పోయిన మూడేళ్లకు, ఆయన కూర్చుని చూస్తున్నది ఆ మచ్చ కోసమే. తెర మీద ఒక మూల అంకె: తొమ్మిది వందల తొంభై నాలుగు. మొత్తం వెయ్యీ ఇరవై నాలుగు మెట్లు. ముప్ఫై మిగిలాయి. మెట్టుకు రెండు నిమిషాలు. గంటలో తేలిపోతుంది, ఒకటా రెండా అని. ఒకటైతే ఆ రోజు ఆయన అన్నది నిజం. రెండైతే, ఆవిడ నోరు ఆయనే మూయించాడు.

గాజు కిటికీ అవతల అయస్కాంతం మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, నీళ్ల ట్యాంకంత, ఉలుకూ పలుకూ లేకుండా. దాని చుట్టూ నేల మీద పసుపు పట్టీ. అది దాటాలంటే జేబులో తాళాలు, కార్డులు, చేతి గడియారం అన్నీ బయట డబ్బాలో పడేయాలి. అందుకే ఈ పనిలో ముదిరినవాళ్ల మణికట్టు మీద గడియారం మచ్చ ఉండదు. టైమెంతైంది అని ఎవరైనా అడిగితే ఆయన ఇప్పటికీ గోడకేసి చూస్తాడు, పెళ్లిలో ఎవరో అడిగినా సరే, గోడ లేని చోట అడిగినా సరే. పక్కన పంపు కిచకిచమంటోంది, సెకనుకో కిచ. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి వారం ఆ చప్పుడుకి తలపోటంటారు, రెండో వారానికి మరిచిపోతారు, ఎప్పుడైనా అది ఆగిందంటే మాత్రం మూడో అంతస్తులో ఉన్నవాళ్లు కూడా తల ఎత్తుతారు. తొమ్మిది వందల తొంభై అయిదు. ఎవరో కారిడార్లో ఇనప ట్రాలీ తోసుకెళుతున్నారు, మెల్లగా వెళ్లు నాయనా, ఇంకొంచెం అవతలగా, ముప్ఫై మూడు గంటలు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. ట్రాలీ వెళ్లిపోయింది. దయగల ట్రాలీ, నూనె పెట్టిన చక్రాలు.

అసలు ఇందులో ఉన్న విద్యంతా వినడమే. బయటివాళ్లెవరైనా అడిగితే ఆవిడ అలాగే చెప్పేది, ఆయనలా సూత్రాలు ఎత్తుకునేది కాదు: గంట కొడతాం, మోగుతుంది, వింటాం, అంతే వదినా, అంతే పిన్నీ. గాజు గొట్టంలో చెంచాడు ద్రావణం పోసి అయస్కాంతంలోకి దింపి, రేడియో తరంగంతో ఒక్క పోటు పొడిస్తే అందులోని పరమాణువులన్నీ ఎవరి శ్రుతిలో వాళ్లు మోగుతాయి. మొదట గట్టిగా, తర్వాత సన్నగా, తర్వాత ఉందో లేదో తెలియనంతగా, ఆఖరికి ఒట్టి గరగర. రెండు శ్రుతులు దగ్గర దగ్గరగా ఉంటే మొదట్లో ఒక్కటిగానే వినపడతాయి. అవి వేరని తెలిసేది చాలాసేపు విన్నాకే, ఆ సన్నబడ్డ చివర్లోనే. ఆ చివరిని ఇక్కడ అందరూ తోక అంటారు. ఇక స్పెక్ట్రమ్ పటానికి అడ్డంగా ఒక దిక్కు, నిలువుగా ఒక దిక్కు; ఆ రెండో దిక్కు సంగతి మరీ చిత్రం. కార్బన్ పరమాణువుల శ్రుతిని తిన్నగా వినలేం కనుక, ప్రతిసారీ కాస్త కాస్త ఆలస్యం పెంచుతూ మళ్లీ మళ్లీ కొట్టాలి. ఒక్కో ఆలస్యం ఒక్కో మెట్టు. ఎన్ని మెట్లు ఎక్కితే అంత దూరపు తోక అందుతుంది. మెట్లన్నీ కలిపి లెక్క కడితే నేల పటంలో కొండల్లా మచ్చలు తేలతాయి. ఆ రోజుల్లో నూట ఇరవై ఎనిమిది మెట్లు ఎక్కితే అదే గొప్ప. వెనక క్యూ ఉండేది, యంత్రం కోసం జనం పేర్లు రాసుకుని కాచుకునేవాళ్లు, ఎక్కువ మెట్లు అడిగినవాళ్లని పక్క గదివాళ్లు పైనుంచి కిందకి చూసేవాళ్లు. నూట ఇరవై ఎనిమిదితో ఆపిన తోక మొండిగా ఉంటుంది. మొండిగా ఉంటే మచ్చల చుట్టూ వంకర గీతలు వస్తాయి. ఆ వంకరలు ఆయనకు కిట్టవు. ఆయన స్పెక్ట్రమ్ అంటే ఊరంతా చెప్పుకోవాలి, తెల్లకాగితం మీద నున్నగా, గులకరాళ్లు పేర్చినట్టు. అందుకని తోక మీద మెత్తని వాలు ఒకటి వేసి, చివర్లను సున్నాకు తొక్కేసేవాడు. గరగర పోయేది, వంకరలు పోయేవి. ఆ పని తనంతట తాను చేసే ఒక చిన్న ఆజ్ఞ కూడా రాసి కంప్యూటర్లో పెట్టాడు. దానికి పేరు "నున్న". అది ఈ లాబులో ఎంత పాకిందంటే ఇప్పటికీ పిల్లలు ఒకళ్లనొకళ్లు "నున్న కొట్టావా?" అని అడుగుతారు. రాసిన మనిషి ఇక్కడే కూర్చున్నాడని సగం మందికి తెలియదు. ఆవిడ ఒక్కత్తే దెప్పేది: "దొరగారు క్షవరం మొదలెట్టారు. తోక కోయకండీ, నాకు కావలసింది తోకలోనే ఉంది."

వెయ్యీ రెండు. ఎప్పుడు ఆరేడు మెట్లు జారిపోయాయో చూడలేదు. లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ ఉంది, దాని మీద పిచ్చుక అంటించిన చీటీ: "చక్కెర లేదు, కాబట్టి ఆలోచించకుండా తాగండి." పిచ్చుక అంటే పరిశోధక విద్యార్థిని. మనిషి ఒకచోట నిలవదు, బల్ల మీంచి బల్ల మీదికి వాలుతుంది, అందుకని ఆ పేరు. ఈ తేనెతుట్టెను కదిపింది ఆ పిల్లే. మూడు వారాల కింద చలిపెట్టె బీరువా ఖాళీ చేస్తూ, మంచు పేరుకున్న అట్టడుగు అరలోంచి వేలెడంత గాజు గొట్టం ఒకటి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. మూతి మంటతో కరిగించి మూసి ఉంది. ఇప్పుడు అయస్కాంతంలో ఉన్నది అందులోని పదార్థమే. చుట్టూ కాగితం, కాగితం మీద పెన్సిలు రాత. ఆ రాత ఆయనకు తెలియనిదా, ఇంట్లో పప్పుడబ్బాల మీదా, మందుసీసాల మీదా ఇప్పటికీ అదే. అప్పట్లో ఇద్దరూ ఒక చెట్టు బెరడులోంచి తీసిన పదార్థం పేరు, బరువు రెండు మిల్లీగ్రాములు, తేదీ, కింద ఒకే మాట: "రెండు?" తేదీ నవంబరు పదకొండు కాదు. ఆ పదార్థం గురించి వాళ్లు రాసిన వ్యాసం అచ్చయిన తర్వాత ఏడాదిది. అంటే సరేనని సంతకం పెట్టి, ఆ పదార్థపు అణువు రెండు వైపులా అచ్చం ఒకేలా ఉంటుందని బొమ్మ గీసి, పేరు వేసుకుని, అంతా అయిపోయిన ఏడాదికి ఒక్కతే మంట దగ్గర కూర్చుని గొట్టం మూతి కరిగించి పెట్టింది. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. ఆ రాత్రి ఏం వండుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో. దీపం ఆర్పేముందు రేపు నీళ్లు రావట అని ఉంటుంది. ఆ తర్వాత పదిహేడేళ్లు పక్కనే పడుకున్న మనిషి ఆ ప్రశ్నార్థకాన్ని చలిపెట్టెలో దాచుకుందని తెలిశాక ఆయనకు నిద్ర సరిగ్గా లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు సార్ అని ఆ పిల్ల అననే అంది.

"అన్ని మెట్లూ ఎక్కక్కర్లేదు సార్" అని కూడా అంది. "ఇప్పుడెవరూ అలా చెయ్యట్లేదు. అక్కడొకటి అక్కడొకటి, నాలుగో వంతు ఏరుకుంటే చాలు, మిగతావి కంప్యూటరు పూరించేస్తుంది. తొమ్మిది గంటల్లో అయిపోద్ది."

"పూరించేది ఎలా?"

"ఉన్నవాటిని బట్టి లేనివేమిటో కట్టేస్తుంది. బాగానే కడుతుంది సార్, నేను పరీక్ష చేశా."

"బాగానే కడుతుందిలే అమ్మాయ్. లేనివి పూరించే పని నేను చాలా ఏళ్లు చేశాను. ఈ ఒక్కసారికి అన్నీ విందాం."

"ముప్ఫై నాలుగు గంటలు సార్! క్యూలో ఉన్నవాళ్లు నన్ను నమిలేస్తారు."

"నా పేరు చెప్పు. నన్ను నమలడానికి పళ్లు చాలవు."

నవ్వింది. నవ్వి, తన వంతు గంటలన్నీ తీసి ఇచ్చేసింది, అడక్కుండానే. ఆ సంగతి ఆయనకు నిన్న బుకింగు పట్టీ చూస్తే తెలిసింది. ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, మనుషులు చప్పుడు చేయకుండా మంచి చేసేసి పక్కకి తప్పుకుంటారు, మనం చూసుకోకపోతే లేనే లేవనుకుంటాం. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కిటికీ పక్క మంచం ఖాళీ అవగానే నర్సు ఎవరికీ చెప్పకుండా ఆవిణ్ణి అటు మార్చింది. కిటికీలోంచి కనపడేది ఏముంది, సైకిళ్ల స్టాండు. ఆవిడ దాన్నే చూసేది. ఆ ఎర్ర సైకిలు ఇవాళ రాలేదండీ అనేది. అప్పటికే గొంతు పోతోంది. మాట మొదట్లో వినపడేది, పోనుపోను గాలి. ఆయనకేమో పాత రోగం ఒకటుంది, ఎవరి మాటైనా సగంలో అందుకుని పూర్తి చేసేయడం. పెళ్లైన కొత్తలో మా ఆయనకి నా మనసు తెలుసు అని అందరికీ గొప్పగా చెప్పుకునేది, తర్వాత్తర్వాత "నా మాట తోక నాకొదిలెయ్యండి" అనేది. ఆస్పత్రిలో మాత్రం నేర్చుకున్నాడు. పెదవుల దగ్గర చెవి పెట్టి, నోరు మెదపకుండా, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ చివరిదాకా ఉండేవాడు. అలా విన్నవాటిలో గొప్ప మాటలేమీ లేవు. దిండు తిప్పండి. మొక్కకి నీళ్లు. మీ చొక్కా బొత్తం. ఒకరోజు ఏదో పొడుగు మాటే మొదలుపెట్టింది, "ఆ రోజు నేను..." అని, అంతలో నిద్ర పట్టేసింది. నిద్రే. లేచాక అడిగితే గుర్తులేదంది. ఆ రోజు అంటే ఏ రోజు? ఇది దాని గురించే అయి ఉండాలని లేదు, ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఎన్ని రోజులు లేవు. పూరించకు. ఊరుకో.

ఫోను. వదిన, అంటే ఆవిడ అక్కగారు, రోజూ ఈ వేళకే.

"ఏం మరిదీ, తిన్నావా?"

"ఇంకా ఆరన్నా కాలేదు వదినా."

"మధ్యాహ్నం సంగతి అడుగుతున్నా."

"తిన్నా."

"ఏం తిన్నావు?"

ఆయన కాస్త తడుముకున్నాడు.

"చూశావా, తినలేదు. అబద్ధం కూడా తిన్నగా ఆడలేని మనిషిని కట్టుకుని మా చెల్లెలు ఎలా వేగిందో. ఇంకా ఆ అయస్కాంతం దగ్గరే ఉన్నావు కదూ? అది మా పిల్లని లాక్కుంది, నిన్ను లాక్కుంది. నా గుండెలో మిషను పెట్టారు కాబట్టి నన్ను రానివ్వరు గానీ, లేకపోతే వచ్చి చెవి పట్టుకుని తీసుకుపోదును."

"వదినా, ఒక మాట. మీ చెల్లెలు ఎప్పుడన్నా నీతో... నా మీద కష్టం పెట్టుకున్నట్టు, పని విషయంలో... ఏమన్నా చెప్పిందా?"

అవతల గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది. "పని విషయమా? నాకేం అర్థమవుతుందని చెబుతుంది. ఒకసారి మాత్రం అంది, మా ఇంట్లో ఇద్దరం ఉన్నా శాస్త్రజ్ఞుడు ఒక్కడే అక్కా అని. నవ్వుతూనే అందిలే. ఏం, ఎందుకూ?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉందన్నమాట. సరే, తిను."

వెయ్యీ పన్నెండు. నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నది మరీ సలుపుతుంది. లేచి గది ఈ చివరనుంచి ఆ చివరకి నడిచాడు, ఏడడుగులు, మళ్లీ ఏడడుగులు. అసలు తప్పు ఒకటే అనడం కాదు, అది ఎవరైనా అంటారు, ఆ మెట్లకి, ఆ యంత్రానికి అది ఒకటిలాగే కనపడి ఉండొచ్చు. అసలు తప్పు శనివారం. అప్పట్లో డిస్కులు చిన్నవి, వారం తిరిగేసరికి నిండిపోయేవి, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన కూర్చుని పాత ఫైళ్లన్నీ తుడిచేసేవాడు. ఇల్లు ఊడ్చినంత శ్రద్ధగా, అదో తృప్తి. తుడిచేముందు తుది బొమ్మ అచ్చు తీసి ఉంచేవాడు, ముడి సంకేతం ఎందుకు ఇక, బొమ్మ ఉందిగా. సోమవారం పొద్దున ఆవిడ వచ్చి, ఆ ముడి ఫైలు ఒకసారి ఇస్తారా, నున్న కొట్టకుండా నేనే ఒకసారి చూసుకుంటాను, అంది. తుడిచేశాను, అన్నాడు. చేతిలో కాగితం పట్టుకుని ఒక క్షణం నిలబడింది. మళ్లీ తీద్దామంటే నెలరోజుల క్యూ. వ్యాసం గడువు శుక్రవారం. "సరే" అంది. ఆ సరే ఆయనకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, చిన్నది, పొడి పొడిగా. ఆ రోజు దాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టుకుని తన పనిలో పడిపోయాడు. ఇన్నాళ్లూ అలాగే ఉంది అది ఆయన దగ్గర. ఈ మూడు వారాలుగా మాత్రం, పళ్లు తోముకుంటున్నప్పుడూ, తలుపు తాళం తీస్తున్నప్పుడూ, ఆ రెండక్షరాలే మళ్లీ మళ్లీ. అందులో ఒప్పుకోలు ఎంత, విసుగు ఎంత, మీతో పెట్టుకోలేను ఎంత, పోనీలే పాపం ఎంత? ముడి శబ్దం పోయింది, తను నున్నగా చేసి పెట్టుకున్నదే మిగిలింది.

వెయ్యీ పంతొమ్మిది. ఏం కోరుకుంటున్నావయ్యా నువ్వు, అని తనను తాను అడిగాడు. రెండే కావాలి, ఆవిడ గెలవాలి, అనుకున్నాడు, అనుకుని మంచివాడిలా కాస్త నిటారుగా కూర్చున్నాడు. వెయ్యీ ఇరవై. రెండైతే అచ్చయిన వ్యాసం తప్పని రాయాలి, దాని మీద పేర్లున్న ముగ్గురిలో మిగిలినవాడు తనే, రాస్తాడు, అదేం పెద్ద పని. దాని మీద ఆధారపడి ఎవరైనా ఏమైనా కట్టి ఉంటే? ఉంటారు. ఆ బొమ్మ చూసి ఆ అణువును తయారు చేద్దామని ఎక్కడో ఒక కుర్రాడు మూడేళ్లు కొట్టుకుని, రాలేదేమిట్రా అని తనని తాను తిట్టుకుని మానేసి ఉంటాడు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. పంపు కిచ, కిచ. ఈ ఆఖరి మెట్లలోనే ఉంది అంతా, వినపడీ వినపడని ఈ గరగరలో, ఆ రోజుల్లో ఎవరూ ఎక్కని మెట్లు. ఇరవై మూడు. ఆయన కిటికీ అవతల ఆ పెద్ద మౌనం వైపు వంగి, అక్కడేదో పెదవులున్నట్టు, అలాగే ఉండిపోయాడు.

చిన్న గంట మోగింది. అయిపోయింది.

చేతులు వాటంతట అవే మీటల మీదికి వెళ్లాయి. ముందు ముడి ఫైలును రెండు చోట్ల భద్రం చేశాడు, ఆ మాత్రం బుద్ధి వచ్చింది. తర్వాత, ముప్ఫై ఏళ్ల అలవాటు, చూపు తెర మీద ఉండగానే వేళ్లు ఒక ఆజ్ఞ కొట్టేశాయి. నున్న. ఒక్క క్షణం. తెర మీద మచ్చ తేలింది. గుండ్రంగా, నున్నగా, గులకరాయిలా. ఒకటి.

ఒకటే.

ఒంట్లోంచి బరువు దిగిపోయింది. భుజాలు జారాయి, కళ్లు మూతపడ్డాయి, అమ్మయ్య అని మాట పైకే వచ్చింది. హాయి, నిజంగా హాయి, గుక్కెడు చల్లటి నీళ్లు దిగినట్టు. ఆ హాయిని చూసి ఆయనకు భయం వేసింది. ఇంతసేపూ ఆవిడ గెలవాలని కూర్చున్న మనిషి ఎవరు, మరి ఈ అమ్మయ్య ఎవరిది? అప్పుడు చూసుకున్నాడు వేళ్లు కొట్టిందేమిటో. ఎవరూ లేరు గదిలో. ఒకటి అని ఆ పిల్లకు చెబితే నమ్ముతుంది, లాబంతా ఇలాగే చూస్తుంది, ఇదే పద్ధతి, ఇది అబద్ధం కూడా కాదు. అచ్చం ఆ రోజు లాగే, ఒక్క మాటతో అయిపోతుంది.

ఆయన వాలు తీసేశాడు. తోక తొక్కకుండా, కోయకుండా, వెయ్యీ ఇరవై నాలుగూ ఉన్నవి ఉన్నట్టు కలపమన్నాడు. తెరంతా గరగర, వంకర గీతలు, ఆయన జన్మలో కాగితం మీదికి ఎక్కనివ్వని అసహ్యం. మచ్చ దగ్గరికి జరిగాడు. పెద్దది చేశాడు. మచ్చ నడుము సన్నబడింది. ఇంకా పెద్దది చేశాడు. మధ్యలో తెల్లటి సందు. ఇటొకటి, అటొకటి, బియ్యపు గింజ పట్టేంత ఎడంతో, ఎవరి చోట వాళ్లు. అణువు ఒక పక్కకు వంగి ఉంది. ఆవిడ గోరు పెట్టి చూపించినప్పుడు కూడా ఇలాగే ఉంది. కంటితో కాదు, చేతులతో ఆ పదార్థాన్ని కడిగి వడపోసి ఆరబెట్టిన మనిషికి తెలిసే తీరులో తెలిసి ఉంటుంది. అడిగి ఉంటే చెప్పేది. ఎలా తెలిసింది నీకు, అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నోటినిండా నారింజ తొనలు అడ్డం.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. వెనక అడుగుల చప్పుడు, పిచ్చుక. సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరిన మనిషి.

"అయిందా సార్? ఏం..." అని తెర చూసి ఆగిపోయింది. "అయ్యో, నున్న కొట్టలేదా?"

"కొట్టాను. తీసేశాను."

ఆ పిల్ల వంగి చూసింది. చూసిన కళ్లు ఒకసారి పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది, ఎగిరి గంతు వెయ్యబోతున్నదని ఆయనకు తెలిసింది, వెయ్యాలి కూడా, ఆ వయసులో తనైతే వేసేవాడు. కానీ ఆయన మొహం చూసి నోరు మూసుకుంది.

"ఆవిడ ఆ రోజు..." అన్నాడు ఆయన.

మిగతాది రాలేదు. పిచ్చుక తలుపు దగ్గర నిలబడింది, ఒకచోట నిలవని పిల్ల, సంచీ పట్టీ పట్టుకుని, కదలకుండా, ఏమీ అందించకుండా. పంపు కిచకిచ. ఆవిడ ఆ రోజు చెప్పింది, నేను వినలేదు. అంతే మాట, ఏముంది అందులో. ఆఖరికి ఆయన అన్నాడు, దాదాపు గాలితో, "చెప్పింది అమ్మాయ్. నేనే వినలేదు."

ఆ పిల్ల అలాగా అనలేదు, పోనీలెండి అనలేదు, అప్పటి యంత్రాలు అలాంటివి అని సర్దిచెప్పలేదు. తల ఊపింది. చేయి చాచి పెద్ద లైటు ఆర్పి బల్ల దీపం ఉంచింది.

"రేపు పొద్దున వస్తా సార్. మీరు కాసేపు ఉండండి."

బయటికి నడిచి, ఆ తలుపు వదిలేస్తే దభీమంటుందని ఎరిగిన మనిషి కనక, పిడి కిందకి నొక్కి పట్టుకుని దగ్గరికి లాగి, గడియ నాలుక చోట్లోకి జారేదాకా మెల్లగా, మెల్లగా వదిలింది.